ఒళ్లు దులపని మేకపోతు

సిత్రా, క్యాంపు
ఏప్రిల్ 14

రమక్కకు, లింబాద్రి దండాలు.

ఫోన్ చేతిలో పెట్టుకుని ఉత్తరం రాయడమేమిటని కవరు చింపకముందే తిట్టుకుంటావని తెలుసు. నీ ఫోన్‌లో మాట్లాడితే ఊరంతా వింటుంది. నువ్వు స్పీకరు పెట్టి గూట్లో ఆనిస్తావు, నీతో కూర్చుని బీడీలు చుట్టేవాళ్లంతా చెవులు అటే వేస్తారు. వాళ్లలో అంజవ్వ కూడా ఉంటుంది. ఇది ఆమె ముందు మాట్లాడే సంగతి కాదు. క్యాంపు నుంచి మమ్మల్ని పనికి చేర్చే బస్సు నడిపే కోరుట్ల ముఖ్తార్ భాయ్ సెలవు మీద వస్తున్నాడు. అతని చేతికి ఇస్తున్నాను.

అంజవ్వ కొడుకు మల్లేష్ పడ్డ సంగతి మీకు తెలిసిందే. తొడ ఎముక విరిగింది, తలకు కూడా దెబ్బ తగిలింది. ప్రాణానికి భయం లేదన్నారు. ఎలా పడ్డాడో ఎవరైనా అడిగితే ఇలా చెప్పు. ఇక్కడ పెద్ద పెద్ద నూనె ట్యాంకుల చుట్టూ ఇనుప గొట్టాలు బిగించి, పలకలు పరిచి, మనుషులు ఎక్కి పని చేసేలా పరంజా కడతాం. దానికి ఫోర్‌మన్‌ను నేనే. కట్టడం పూర్తయ్యి, గట్టిగా ఉందని చూసుకున్నాక ఆకుపచ్చ ట్యాగు తగిలిస్తాం. పూర్తి కాకపోతే ఎర్ర ట్యాగు ఉంటుంది. ఎర్రది ఉంటే ఎవరూ ఎక్కకూడదు. మల్లేష్ రంగులు వేసే జట్టులో పని చేస్తాడు. ఎర్ర ట్యాగు ఉండగానే ఎక్కాడు. పై పలక జారింది. కంపెనీ వాళ్లు విచారణ చేసి, తప్పు అతనిదేనని రాసుకున్నారు.

అంతకు కాసేపటి ముందు అదే పలక మీద నేను నిలబడి దిగాను అక్కా. నేను పోవాల్సింది. అతను పడగానే నిలుచున్న చోటే పోచమ్మకు మొక్కుకున్నాను. నా పేరు మీద ఒక మేకపోతును కోయించు. మచ్చ లేకుండా నల్లగా ఉండాలి. తొందరగా అయిపోతే బాగుండు. ఎందుకో ఈ మధ్య అన్నం సరిగ్గా పోవడం లేదు.

అంజవ్వకు ధైర్యం చెప్పు. ట్యాగుల సంగతి ఆమె దగ్గర ఎక్కువగా ఎత్తకు.

నీ తమ్ముడు
లింబాద్రి


కమ్మర్‌పల్లి
మే 6

తమ్ముడు లింబాద్రికి,

అన్నం పోవడం లేదని రాశావు. చిన్నప్పుడు జ్వరంలో కూడా కంచం నాకినవాడివి. అందుకే తొందరపడి సంతలో మేకపోతును కొన్నాను. నువ్వన్నట్టే నల్లది, వెతికినా తెల్ల వెంట్రుక కనపడదు. మీ బావ దాన్ని ఇంటికి తోలుకొస్తుంటే ఊళ్లో వాళ్లంతా ‘దుబాయి మేక’ అని పేరు పెట్టారు, ఏ అరబ్బు దేశమైనా మన ఊరికి దుబాయే కదా.

ఆదివారం పోచమ్మ దగ్గరికి వెళ్లాం. అంజవ్వ పొద్దున్నే వచ్చి ఉల్లిగడ్డలు కోసింది, మసాలా నూరింది. వద్దంటే వినలేదు. నూరుతూ నాతో ఏమన్నదో తెలుసా? “మా పోరడు ఎర్రచీటి సూసుకోకుంట ఎక్కిండట గదా రమా. మీ తమ్మునికి మాట తెచ్చిండు. నువ్వేం మనసుల వెట్టుకోకు.” కొడుకు మంచాన పడి ఉంటే ఆమె నాకు క్షమాపణ చెబుతోంది.

ఇక మేక సంగతి. స్నానం చేయించి, పసుపు రాసి, వేపమండలు మెడకు కట్టాం. పూజ చేసే బైండ్ల గంగరాజు జమిడిక వాయిస్తుంటే నేనే వీపు మీద నీళ్లు పోశాను. మేక ఒళ్లు దులిపితేనే తల్లి ఒప్పుకున్నట్టని నీకు నేను చెప్పాలా? మనది దులపలేదు. రెండోసారి పోశాను. అప్పుడూ లేదు. ‘తప్పుంటే చెప్పుకోండి’ అన్నాడు గంగరాజు. ఇంట్లో వాళ్లం వరుసగా నిలబడి చెప్పుకున్నాం. కిందటేడు బోనం ఎత్తుతానని ఎత్తలేదని నేను ఒప్పుకున్నాను. తల్లికి సాక పోయడానికి తెచ్చిన కల్లు దారిలో తానే సగం తాగానని మీ బావ ఒప్పుకున్నాడు. అందరూ నవ్వారు. మేక మాత్రం మెడలోని వేపాకు తానే తింటూ, నీళ్లు కారుతున్న ఒంటితో రాయిలా నిలబడింది.

పొద్దు వాలేదాకా చూసి గంగరాజు జమిడిక కింద పెట్టాడు. “మొక్కినోని మనసుల ఏదో ఉన్నదవ్వ. ఆయన్నే అడుగుర్రి” అన్నాడు.

మేకను వెనక్కి తోలుకొచ్చాం. మసాలా అంతా నూరిపెట్టుకుని పప్పుతో అన్నం తిన్నాం. అందుకే అడుగుతున్నాను. ఏముందిరా నీ మనసులో?

మీ అక్క
రమ


సిత్రా
జూన్ 10

అక్కా,

నీ ఉత్తరం చదివి నవ్వుకున్నాను. గంగరాజు ముసలివాడయ్యాడు, వాన రాకున్నా మొక్కినోని మనసే అంటాడు. ఎండాకాలం కదా, మేకకు చల్లని నీళ్లు హాయిగా ఉండి ఉంటాయి. దానికి ఒక ఉపాయం ఉంది, నీకూ తెలుసు. చెవిలో నాలుగు చుక్కలు పోస్తే ఎంత మొండి మేకైనా దులుపుకోక తప్పదు. మన పెద్దనాన్న ఎన్నిసార్లు చేయలేదు? ఈసారి అలా కానిచ్చేయండి. ఎవరికీ నష్టం లేదు.

మొన్న బక్రీదు అయింది. ముఖ్తార్ భాయ్ మా గదికి కూడా మాంసం పంపాడు. అందరూ తిన్నారు, నాకు సయించలేదు.

మల్లేష్ కాలికి మళ్లీ ఆపరేషన్ చేశారు. ప్రతి శుక్రవారం వెళ్లి చూసి వస్తున్నాను, అంజవ్వకు చెప్పు. నన్ను చూడగానే లేవబోతాడు. మాట బాగానే ఉంది. ఒకటే చిత్రం. వచ్చినవాళ్లందరినీ రంగులు అడుగుతున్నాడు. “ఈ దుప్పటి ఏం రంగన్నా? గా సిస్టరు చెప్పులేం రంగు?” మనం చెబితే తల ఊపి ఊరుకుంటాడు. కళ్ల డాక్టరు దగ్గరికి పంపమని నర్సులను బతిమాలుతున్నాడట. తలకు తగిలిన దెబ్బ వల్లనేమో అంటున్నారు.

అతని పక్క మంచం మీద ఒక ముసలాయన ఉన్నాడు. పడి తుంటి విరగ్గొట్టుకున్నాడు. పేరు షావుల్, అందరూ బాబా అంటారు. కాళ్ల దాకా తెల్ల తోబు, అరబీ మాట, నేను అరబ్బే అనుకున్నాను. యూదుడట. ఈ దేశంలో వాళ్ల ఇళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని ఉన్నాయట. బట్టల వ్యాపారానికి బొంబాయిలో కొన్నేళ్లు ఉన్నవాడు కాబట్టి హిందీ మనకంటే బాగా మాట్లాడతాడు. పొద్దు పోవడానికి మన మేక కథ చెప్పాను. నవ్వుతాడనుకుంటే దిండు ఆనుకుని లేచి కూర్చున్నాడు.

వాళ్లకూ ఒకప్పుడు గుడి ఉండేదట, జెరూసలేంలో. అక్కడ మేకలు, పొట్టేళ్లు, ఎడ్లు బలి ఇచ్చేవాళ్లట. ‘మీ దేవుడికి కూడా మాంసం ఇష్టమా బాబా’ అన్నాను. దేవుడికి ఆకలైతే మనిషిని అడుగుతాడా అన్నాడు. కొన్ని బలులు కృతజ్ఞతకట. గండం గడిచినవాడు కోసి, ఆ రోజూ ఆ రాత్రీ లోపలే తినేయాలట. ఒక్కడి వల్ల కాదు కాబట్టి పదిమందిని పిలవక తప్పదు, పిలిచాక ఎందుకు బతికిపోయాడో వాళ్లకు చెప్పకా తప్పదు. కొన్ని తప్పులకట. తప్పు చేసినవాడు తానే జంతువు తల మీద రెండు చేతులూ పెట్టి, ఒంటి బరువంతా ఆనించి, ఏం చేశాడో నోటితో చెప్పాలి. ఆ తర్వాతే కత్తి. నెత్తురులో ప్రాణం ఉంటుంది కనుక దాన్ని తినరు, బలిపీఠానికి అర్పిస్తారు. నా బదులు ఇది పోతోందని అప్పుడు ఆ మనిషికి ఒళ్లు జలదరించాలట.

‘దూరాన ఉన్నవాడు ఇంకొకరితో చేయించవచ్చా’ అని అడిగాను. “మేకను పంపొచ్చు బేటా. చేతులను పంపడం కుదరదు” అన్నాడు.

ముసలాయన చాదస్తం అనుకో. నువ్వు మాత్రం చెవి సంగతి మరిచిపోకు.

లింబాద్రి


కమ్మర్‌పల్లి
జూన్ 29

లింబాద్రికి,

చెవిలో నీళ్లు పోయమంటావా? అమ్మవారి ముందర నాతో దొంగాట ఆడిస్తావా? పెద్దనాన్న చేశాడంటే, ఆయనకు పొట్ట మీద తప్ప దేని మీదా భక్తి లేదు. నేను పోయను.

నీ ముసలాయన మాట మాత్రం నాకు నచ్చింది. చేతులను పంపడం కుదరదట. బీడీలు చుడుతున్నంతసేపూ అదే నెత్తిలో తిరుగుతోంది.

మేక మా వాకిట్లోనే ఉంది. దాన్ని మేపుతున్నది నేను కాదు, అంజవ్వ. వచ్చేటప్పుడు కొంగులో తుమ్మకాయలు తెస్తుంది. “నా కొడుకు చేసిన తప్పుకు ఇది గుడ కట్టేసి ఉన్నది” అంటూ దాని మెడ నిమురుతుంది. ఆమె చూస్తుండగా నేను తల ఎత్తలేకపోతున్నాను. ఎందుకు ఎత్తలేకపోతున్నానో నాకే తెలియదు. నేనేం చేశానని?

నీ ఉత్తరాలు రెండూ పక్కపక్కన పెట్టి చూశాను. మొదటి దాంట్లో ఏం జరిగిందని నేను అడగకముందే ట్యాగుల గురించి అంత వివరంగా రాశావు. అంజవ్వ దగ్గర ట్యాగు మాట ఎత్తవద్దన్నావు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టుంది నీ వరస. నువ్వు ఆ పలక మీద నిలబడి దిగావన్నావు కదా. ఎర్ర ట్యాగు ఉంటే ఎవరూ ఎక్కకూడదని నువ్వే రాశావు. మరి నువ్వు ఎలా ఎక్కావు? ఫోర్‌మన్‌వు కనుక ఎక్కావనుకుందాం. ఎక్కి చూసినవాడివి పలక సంగతి నీకు తెలియదా?

నేను బీడీలు చుట్టేదాన్నే కానీ ఆకు కింద తంబాకు ఎంత ఉందో పట్టుకుని చెప్పగలను.

అమ్మ పోయినప్పుడు నిన్ను చంకన వేసుకుని పెంచాను. నాకు అబద్ధం చెప్పే హక్కు నీకు లేదు. నిజం రాయి. లేకపోతే మేకను మళ్లీ సంతకు తోలేసి, మొక్కు నీ పాపాన వదిలేస్తాను.

రమ


సిత్రా
జులై 18

అక్కా,

మధ్యాహ్నం ఎండకు ఇప్పుడు పని ఆపేస్తారు. అందరూ గదుల్లో నిద్రపోతున్నారు. నేను రాసి చింపి, రాసి చింపి, ఇది రాస్తున్నాను.

నేను ఆ పలక మీద నిలబడలేదు. అసలు ఆ రోజు పైకి ఎక్కనే లేదు.

పొద్దున కింది అంతస్తులు చూశాను, గట్టిగా ఉన్నాయి. పైన ఒక పలకకు బిగింపు మిగిలి ఉంది. దాన్ని బిగించమని మనిషికి చెప్పాను, వాడిని ఇంకోచోటికి పిలిచారు. అది నా మనసులోంచి జారిపోయింది. సూపర్‌వైజరు కింద నిలబడి ‘యల్లా, యల్లా’ అని తొందరపెడుతున్నాడు. పైకెక్కి చూడకుండానే సంతకం పెట్టి ఆకుపచ్చ ట్యాగు తగిలించాను. మల్లేష్ దాన్ని చూసే ఎక్కాడు. ఎక్కేముందు నా వైపు చూసి నవ్వాడు కూడా.

అతను పడ్డప్పుడు అందరూ అతని దగ్గరికి పరుగెత్తారు. నేను ట్యాగు దగ్గరికి పరుగెత్తాను. ఆకుపచ్చది తీసి జేబులో పెట్టుకుని ఎర్రది తగిలించాను. సేఫ్టీ ఆఫీసరు వచ్చి అడిగితే, మొదటి నుంచీ ఎర్రదే ఉందని ప్రమాణం చేసి చెప్పాను. మొక్కుకున్నది పలక మీంచి బతికిపోయినందుకు కాదు అక్కా, మాట పడకుండా బతికిపోయినందుకు. అందుకే మేక దులపలేదేమో. ఆ ఆకుపచ్చ ట్యాగు నా పెట్టెలో బట్టల అడుగున ఉంది. పారేయాలని సముద్రం దాకా పోయి తిరిగొచ్చాను.

మల్లేష్‌కు నేను వీసా ఇప్పించినప్పుడు అంజవ్వ మన వాకిట్లో నిలబడి ‘నీ చేతుల పెడుతున్న బిడ్డా’ అన్నది. ఇప్పుడు అతను మంచం మీంచి నాతో ఏమంటున్నాడో తెలుసా? “నా వల్ల నీ జట్టుకు మచ్చ వచ్చిందన్నా.” ఆ మాట వింటూ నేను ఆపిల్ పండు కోసి ఇచ్చాను.

షావుల్ బాబాను మళ్లీ అడిగాను. మల్లేష్‌ను ఎక్స్‌రేకు తీసుకెళ్లినప్పుడు, ఒక స్నేహితుడి కథలాగా అంతా చెప్పాను. తెలియక జరిగిన తప్పు వేరు, తెలిసి చేసింది వేరు అన్నాడు. ట్యాగు చూడకుండా పెట్టడం మొదటిది. మార్చడం రెండోది. తెలియక చేసినదానికి బలి ఉంది, పేదవాడైతే రెండు పావురాలు చాలు, అవీ లేకపోతే పిడికెడు పిండితోనైనా సరే. కావాలని చేసినదానికి బలితో పని జరగదట. ఒక్కటి మాత్రం ఉందట. తోటివాడి సొత్తు తీసుకుని, తీసుకోలేదని ఒట్టు పెట్టినవాడు పశ్చాత్తాపపడితే, ముందు తీసుకున్నది తిరిగివ్వాలి. దాని మీద ఐదో వంతు కలిపి ఇవ్వాలి. ఆ తర్వాతే పొట్టేలు. ఇవ్వకముందు పొట్టేలును తెస్తే అది లెక్కలోకి రాదు, మాంసం మాత్రమే.

వాళ్ల గుడి కూలిపోయి రెండు వేల ఏళ్లు కావస్తోందట. అప్పటి నుంచి బలి లేదు, ప్రార్థనలే. ‘మరి ఇప్పుడు తప్పు చేసినవాడు ఎక్కడికి పోతాడు బాబా’ అని అడిగాను. “గుడి పోయింది కానీ పక్కింటివాడు పోలేదుగా” అన్నాడు. కళ్లు మూసుకునే, “నీ స్నేహితుడికి చెప్పు. నేను పూజారిని కాదు. ఆ పిల్లవాడు ఈ పక్క మంచం మీదే ఉంటాడని చెప్పు” అన్నాడు.

తల మీద చేతులు ఆనించి బరువంతా వేయాలన్నాడు కదా. నేను ఆ పని ఎప్పుడో చేశాను అక్కా. మల్లేష్ తల మీద చేశాను. నా తప్పంతా అతని మీద పెట్టాను, అతను నోరు లేని జీవంలా నిలబడ్డాడు. నువ్వు పసుపు రాసిన మేక రెండోది.

చెబితే ఉద్యోగం పోతుంది. పోలీసుల దాకా పోతుందేమో కూడా తెలియదు. చెప్పకపోతే మల్లేష్ తప్పు చేసినవాడిగా ఇంటికొస్తాడు. నాకు భయంగా ఉంది. ఇది చదివి కాల్చేయి. అంజవ్వకు చెప్పకు. ఏం చేయమంటావో నువ్వే చెప్పు.

లింబాద్రి


కమ్మర్‌పల్లి
ఆగస్టు 5

లింబాద్రీ,

కాల్చలేదు. బియ్యం డబ్బాలో పెట్టాను. రోజూ బియ్యం తీసేటప్పుడు చేతికి తగులుతోంది.

మొదట నిన్ను నోటికొచ్చినట్టు తిట్టి ఒక ఉత్తరం రాశాను. అది పంపడం లేదు. తిట్టడానికి నాకు కూడా అంత అర్హత లేదు. చెవిలో నీళ్లు పోయనని నీకు గొప్పగా రాశానా? పోశాను. ఆ ఉత్తరం పోస్టు చేసిన మర్నాడు, వాకిట్లో ఎవరూ లేనప్పుడు, చెంబుతో పోశాను. మేక తలా ఒళ్లూ దులిపి నా చీరంతా తడిపింది. ఎంత సంతోషపడ్డానో! నా తమ్ముడు తప్పు చేయలేదని చేతులెత్తి మొక్కాను. నీళ్లు పోసింది నేనే కదా అన్న సంగతి చీర ఆరేటప్పటికి గుర్తొచ్చింది. నీకూ నాకూ ఒకటే నెత్తురు.

ఇంకోటి. ‘లింబాద్రిని పోచమ్మే కాపాడింది’ అని నేను ఊరంతా చెప్పుకున్నాను. అంజవ్వ ముందు కూడా చెప్పాను. నీ కొడుకు పడ్డాడు, నా తమ్ముడు పడలేదు అన్నట్టే కదా అది. ఆమె ‘అదృష్టవంతుడు’ అన్నది. ఆ మాట ఇప్పుడు నన్ను నిద్రపోనివ్వడం లేదు.

ఏం చేయమంటావని అడిగావు. నేను నీకు అన్నం పెట్టగలను, నీ బదులు చెప్పలేను. అంజవ్వకు నేను చెప్పను, దాచిపెట్టడానికి కాదు, ఆ మాట చెప్పాల్సిన నోరు నాది కాదు కాబట్టి. నీకు ఉద్యోగం పోతే ఇక్కడ పని దొరక్కపోదు. మీ బావ గొణుగుతాడు, గొణగనీ. పోలీసులన్నావు. ఆ భయం నాకూ ఉంది, లేదని రాస్తే అబద్ధం. అయినా చెప్పు.

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. తొక్కావు. ఇక కడుక్కో.

అక్క


సిత్రా
ఆగస్టు 24

అక్కా,

చెప్పాను.

శుక్రవారం వెళ్లేసరికి షావుల్ బాబా మంచం ఖాళీగా ఉంది, కొత్త దుప్పటి వేసి ఉంది. ఇంటికి పంపేశారట. ఆయన ఉంటే ధైర్యంగా ఉంటుందనుకున్నాను. లేకపోవడమే మంచిదైంది, ఇంక ఎవరి మంచం వైపూ చూడడానికి లేదు.

మల్లేష్ ఎప్పటిలాగే లేవబోయాడు. భుజం పట్టి పడుకోబెట్టి, ఆకుపచ్చ ట్యాగు జేబులోంచి తీసి అతని చేతిలో పెట్టాను. నా సంతకం, ఆ రోజు తేదీ దాని మీద ఉన్నాయి. జరిగిందంతా చెప్పాను. ఏదీ మిగల్చలేదు, నేను అతని దగ్గరికి కాకుండా ట్యాగు దగ్గరికి పరుగెత్తిన సంగతి కూడా.

అతను ట్యాగును చాలాసేపు చూశాడు. తిడతాడనుకున్నాను. అతను అడిగింది ఒక్కటే.

“ఇది ఆకుపచ్చేనా అన్నా?”

‘ఆకుపచ్చే మల్లేష్. ఆ రోజు కూడా ఆకుపచ్చే’ అన్నాను.

“నాకు ఆకుపచ్చదే యాదికున్నది. అందరు ఎర్రది అన్నరు. నువ్వు గుడ అన్నవ్. నా కండ్లు పోయినయో, నా తలకాయనే పాడైందో అనుకున్న. గిన్ని దినాలు ఏది సూసినా నమ్మలే.”

అప్పుడు నాకు అర్థమైంది, నేను అతని దగ్గర ఏం తీసుకున్నానో. మంచి పేరు తీసుకున్నానని మాత్రమే అనుకుంటూ వచ్చాను. అతని కళ్లను కూడా తీసుకున్నాను. దుప్పటి ఏం రంగని అడిగిన ప్రతిసారీ నేను పక్కనే కూర్చుని ‘నీలం’ అని చెప్పాను. వాడి రోగానికి కారణం నేనేనని నాకు తట్టనైనా తట్టలేదు.

అతను గదంతా చూస్తూ ఒక్కొక్కటే వేలు పెట్టి చెప్పుకున్నాడు. దుప్పటి నీలం, బకెట్టు ఎర్రది, తెర పసుపుపచ్చ. ఈసారి నన్ను అడగలేదు. చెప్పుకుంటూ చెప్పుకుంటూ ఏడ్చాడు. తర్వాత గోడ వైపు తిరిగి పడుకున్నాడు. నేను కూర్చునే ఉన్నాను. చూడడానికి వచ్చినవాళ్లను పంపించే వేళకు, వెనక్కి తిరక్కుండానే ‘పో అన్నా’ అన్నాడు. కోపంతో అన్నాడో అలసిపోయి అన్నాడో తెలియదు. క్షమించానని అనలేదు. నేనూ అడగలేదు.

మర్నాడు పొద్దున సేఫ్టీ ఆఫీసరు దగ్గర అంతా రాసిచ్చాను. మల్లేష్ మీద రాసిన తప్పు కొట్టేశారు, వైద్యం సంగతి, మిగతా సంగతులు ఇప్పుడు కంపెనీ నెత్తిన పడ్డాయి. పోలీస్ స్టేషన్‌కు కూడా పిలిచారు. వాళ్లు అడిగినదానికి జవాబులు చెప్పాను, ఇంకా ఒకసారి వెళ్లాలి. ఉద్యోగం ఖలాస్. జట్టులో వాళ్లు నాతో కలిసి తినడం మానేశారు. ముఖ్తార్ భాయ్ ఒక్కడే తన కంచం తెచ్చుకుని నా పక్కన కూర్చున్నాడు.

కాగితాలు తేలగానే వచ్చేస్తాను. షావుల్ బాబా ఐదో వంతు అన్నాడు కదా. నాలుగు నెలలు ఒక మనిషి తన కళ్లను తాను నమ్మకుండా ఉంటే, దానికి ఐదో వంతు ఎంతవుతుంది అక్కా? నాకు ఎంత ఆలోచించినా తేలడం లేదు.

అన్నం మాత్రం తింటున్నాను.

లింబాద్రి


కమ్మర్‌పల్లి
సెప్టెంబర్ 10

తమ్ముడికి,

మల్లేష్ వాళ్లమ్మకు ఫోన్‌లో చెప్పాడు. ఆ రోజు నుంచి అంజవ్వ బీడీలకు రావడం మానేసింది. నేను వాళ్లింటికి వెళ్లి నిలబడ్డాను, తలుపు తీయలేదు. మేక తుమ్మకాయల కోసం వాకిలి వైపు చూస్తూ అరుస్తుంటే నేను ఆకులు వేశాను. ముట్టలేదు.

నాలుగో రోజున ఆమే వచ్చింది. మీ బావ భయపడి లోపలికి పోయాడు. నేను ఆమె కాళ్ల మీద పడబోతే పక్కకు జరిగింది. నువ్వు మొదట రాసిన ఉత్తరం దగ్గర నుంచి అన్నీ ఆమెకు చదివి వినిపించాను, బియ్యం డబ్బాలో దాచింది కూడా. ముసలాయన మాటలు వచ్చినప్పుడు ఆపి మళ్లీ చదవమన్నది. నేను మేక చెవిలో నీళ్లు పోసిన సంగతీ చెప్పాను.

అంతా విని లేచి, మేక తాడు విప్పింది. కోయిస్తుందేమో, అమ్మేస్తుందేమో అనుకున్నాను. హక్కుంది కదా, నేను అడ్డం పోలేదు. గేటు దాకా వెళ్లి ఆగింది.

“గిన్ని దినాలు మేపిన, ఇది నా వాకిట్ల ఉంటది. నీ తమ్ముడు రావాలె. దీని తలమీద చేతులు పెట్టి, నా ముంగట, నా కొడుకు ముంగట, ఏం చేసిండో నోటితోని చెప్పాలె. గప్పుడు నీళ్లు నేను పోస్త.”

‘అప్పుడు కూడా దులపకపోతే అంజవ్వా’ అని అడిగాను.

“దులిపితే పోచమ్మ చూసుకుంటది. దులపకుంటే నేను చూసుకుంట” అన్నది.

ఏం చూసుకుంటుందో నేను అడగలేదు. ఆమె క్షమిస్తుందని నీకు రాయలేను. కానీ లింబాద్రీ, ఆమె మేకను కసాయివాడికి ఇవ్వలేదు. రోజూ సాయంత్రం మల్లేష్ వీడియోలో మాట్లాడితే ఫోన్‌ను మేక వైపు తిప్పి చూపిస్తోంది. ‘నల్లగున్నదమ్మా, మస్తు నల్లగున్నది’ అంటాడట వాడు. ఆ మాట నాతో చెప్పడానికి నిన్న ఆమే వచ్చింది. వచ్చి, కూర్చోకుండానే వెళ్లింది. మల్లేష్ కర్రపట్టి వార్డులో నడుస్తున్నాడట. వచ్చే నెలలో పంపుతారట.

నీ ఐదో వంతు లెక్క నాకూ తేలలేదు. బతికినన్నాళ్లూ ఇస్తూ పో, అంతకంటే నాకు తెలియదు.

బస్సు దిగగానే మన ఇంటికి రాకు. సంచీతోనే, కాళ్లు కడుక్కోకుండానే, నేరుగా అంజవ్వ వాకిట్లోకి వెళ్లు. ఆమె ఎంతసేపు నిలబెడితే అంతసేపు నిలబడు. అన్నీ అయ్యాక ఇటు రా. ఎంత ఆలస్యమైనా నీ అన్నం తీసిపెట్టి ఉంచుతాను.

అక్క